మన పెద్దల ఆఖరి కోరిక: మనం అడగని ప్రశ్న

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, మొదట పోరాటాల గురించి రాద్దామనుకున్నాను. రంప, మన్యం, జోడేఘాట్ గురించి నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను చాట్రాయిలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్‌ని. సోషల్ మెథడాలజీతో బి.ఎడ్. చేశాను కానీ, నాకు రోజూ దొరికే చరిత్ర పుస్తకాల్లోది కాదు, పిల్లల నోటి నుంచి వచ్చేది. అందుకే కిందటి ఏడాది మా పిల్లల్లో ఒకరు అడిగిన ప్రశ్న దగ్గరే ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను.

ప్రశ్న ఎలా పుట్టింది

మా వైపు మామిడి తోటలు పూత మీదున్న రోజులవి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతెకు అమ్మమ్మ పోయిందని రాత్రి ఫోను వచ్చింది. తెల్లవారి మొదటి బస్సుకు పంపాం. రెండు బస్సులు మారి ఇంటికి చేరేసరికి అంతా అయిపోయింది. మూడో రోజు తిరిగొచ్చింది. అన్నం ముందు కూర్చునేది, తినేది కాదు. ఒకరోజు రాత్రి స్టడీ అవర్‌లో నా దగ్గరకొచ్చి ఇలా అంది:

"మేడమ్, మా అమ్మమ్మని పూడ్చాలా కాల్చాలా అని మామయ్యలిద్దరూ గొడవ పడ్డారంట. ఆవిడకేం కావాలో ఎవరికీ తెలీదంట. బతికుండగా ఒక్కళ్ళన్నా అడిగితే ఏం పోయేది?"

అందరిలాగే నేనూ ముందు "ఛ, అవేం మాటలమ్మా" అన్నాను. మన ఇళ్ళల్లో చావు మాట ఎత్తితే అపశకునం. దీపాలు పెట్టే వేళ అసలు ఎత్తకూడదు. కానీ ఆ పిల్ల వెళ్ళిపోయాక నాకు నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్న నా ఇంట్లోనూ ఉంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళేముందు, ఇష్టపడిన 17 మంది పిల్లలకు ఒక పని అప్పగించాను. ఇంట్లో పెద్దవాళ్ళను మూడు ప్రశ్నలు అడగాలి. పోయాక ఎక్కడ ఉండాలనుకుంటున్నారు? ఎలా సాగనంపాలి? దగ్గర ఎవరుండాలి? నియమాలు కూడా పెట్టాను. జబ్బుగా ఉన్నవాళ్ళను అడగొద్దు. ముందు అనుమతి తీసుకోవాలి. వద్దంటే అక్కడితో ఆపేయాలి. నోటుబుక్కులో పేరు రాయకూడదు.

నలుగురు పిల్లలు తిట్లు తిన్నారు. ఒకతెను వాళ్ళ నానమ్మ చీపురుతో తరిమిందట. మిగతావాళ్ళు జవాబులతో తిరిగొచ్చారు. లంబాడీ, యానాది, ఎరుకల, కోయ పిల్లలున్న హాస్టల్ మాది. జవాబులూ అన్ని రకాలుగా ఉన్నాయి. వాటిని అర్థం చేసుకోవాలంటే చరిత్రలోకి వెళ్ళక తప్పలేదు. ఆ వర్షాకాలమంతా రాత్రిపూట మా పాఠం అదే.

రాయి చెప్పే చరిత్ర

మనిషి పోయాక శరీరాన్ని ఎలా చూసుకోవాలన్న ఆలోచన మన నేల మీద చాలా పాతది. జానంపేట, దామరవాయి ప్రాంతాల్లో పెద్ద పెద్ద రాతి పలకలను నిలబెట్టి, పైన ఇంకో పలకను మూతగా కప్పిన సమాధులు వరసలు వరసలుగా ఉన్నాయి. జనం వాటిని రాకాసి గుళ్ళంటారు. మామూలు మనుషులు అంత బరువు ఎత్తలేరని ఆ పేరు. అవి ఇనుప యుగం నాటి బృహత్ శిలా సమాధులు. యంత్రాలు లేని కాలంలో అంత పలకను కదిలించాలంటే ఊరు ఊరంతా భుజం కలపాలి. బతికున్నవాళ్ళు ఎండకు, వానకు గడ్డి కప్పు కింద ఉండి, పోయినవాళ్ళకు రాతి ఇల్లు కట్టారన్నమాట.

మాకు మరీ దూరం కాని గుంటుపల్లి గుహలకు పిల్లలు విహారయాత్రగా వెళ్ళే ఉంటారు. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం దగ్గర కొండ మీద గుండ్రటి గుహాలయం, వరసగా చిన్న చిన్న స్తూపాలు కనిపిస్తాయి. స్తూపం అనే కట్టడం పుట్టిందే పోయినవారి అవశేషాలను గౌరవంగా దాచుకోవడానికి. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి పేటికలు, వాటిలో స్ఫటిక పాత్ర బయటపడ్డాయి. పేటికల మీద బ్రాహ్మీ అక్షరాలున్నాయి. మన తెలుగు లిపి చరిత్ర చెప్పేవాళ్ళు ఆ అక్షరాల దగ్గరే మొదలుపెడతారు. "అంటే మేడమ్, మన అక్షరాలు మొదట అస్థికల పెట్టె మీదే దొరికాయా?" అని ఒక పిల్ల అడిగింది. మన ప్రాంతంలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయన్న మాట నిజమే.

ఇక మన తెగల సంగతి. మా కోయల్లో పోయినవారి పేరు మీద రాయి నిలపడం, దినం నాడు కోసిన పశువు తోకను ఆ రాయికి కట్టడం పెద్దలు చెప్పగా విన్నాను. కొన్నిచోట్ల చూశాను కూడా. లంబాడీల్లో సాధారణంగా పెళ్ళయినవాళ్ళను కాల్చేవారు, పెళ్ళి కానివాళ్ళను పూడ్చేవారు. మా లంబాడీ పిల్లలు తెచ్చిన జవాబుల్లో ఇదే మాట వచ్చింది. ఒక ముసలామె మాత్రం, "నా చిన్న కొడుకు పెళ్ళి కాకుండా పోయాడు, వాణ్ణి పూడ్చారు. నన్నూ వాడి పక్కనే పూడ్చమను, ఆచారం సంగతి నేను చూసుకుంటా" అందట. ఆచారం ఒకటి, మనిషి కోరిక ఇంకొకటి అని పిల్లలకు ఆ ఒక్క జవాబుతో అర్థమైంది.

రాసినవాళ్ళు చూశారు, అడగలేదు

మన అంత్యక్రియల గురించి మొదట అచ్చులో రాసినవారు బయటివాళ్ళు. భద్రాచలం దగ్గర దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ కోయల ఆచారాలు నమోదు చేశాడు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో ఆ వివరాలు చేరాయి. అందులో ఒక చిన్న సంగతి మా పిల్లల్ని కదిలించింది. పుట్టిన నెలలోపే బిడ్డ పోతే, కోయలు ఇంటి దగ్గరే, చూరు నీళ్ళు పడే చోట పూడ్చేవారట. చూరు నుంచి జారిన వాన ఆ గుంట మీద పడితే తల్లికి మళ్ళీ బిడ్డ కలుగుతుందని నమ్మకం. దీన్ని చదివి మూఢనమ్మకం అనొచ్చు. ఆ తల్లి ఇంటి ముందు వాన కురిసిన ప్రతిసారీ ఏమనుకుని ఉంటుందో కూడా ఆలోచించొచ్చు. పరీక్షలో మొదటిది రాస్తే మార్కులొస్తాయి. రెండోది కూడా చరిత్రేనని నేను మా పిల్లలకు చెప్పాను.

ఆ పుస్తకాలు మనకు ఉపయోగపడతాయి, కాదనను. కానీ థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. జనాన్ని నిలబెట్టి తలలు, ముక్కులు కొలిచిన కాలం మనిషి. అతని పుస్తకంలో "వీరు పూడ్చుతారు", "వారు కాల్చుతారు" అని ఉంటుంది. ఒక్క కోయ ముసలామె "నాకిలా కావాలి" అన్న మాట ఉండదు. తెగకు ఒక ఆచారం రాశారు తప్ప, మనిషికి ఒక కోరిక ఉంటుందని రాయలేదు.

నిజానికి మనవాళ్ళలో ఆ కోరికను వినే పద్ధతి ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యంలోనూ, సరిహద్దు దాటి ఒడిశాలోనూ ఉన్న సవరలను చూడండి. వాళ్ళు పోయినవారి పేరు మీద రాళ్ళు నాటి పెద్ద తంతు చేసేవారు. పూనకం వచ్చిన గురువు ద్వారా, వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ, పోయినవారు ఇంటివాళ్ళతో మాట్లాడేవారు. నాకు ఇది పెట్టలేదు, నా మాట వినలేదు అని నిష్ఠూరమాడేవారు. బతికున్నవాళ్ళు జవాబు చెప్పుకునేవారు, ఏడ్చేవారు, బేరమాడేవారు. పియర్స్ వితెబ్స్కీ 1970లలో ఒడిశా సవరల మధ్య ఉండి ఈ సంభాషణల మీద 1993లో పుస్తకం తెచ్చాడు. కొత్త తరం బడులకు, కొత్త మతానికి మారి ఆ మాటలు ఆగిపోయిన తీరు మీద 2017లో ఇంకో పుస్తకం రాశాడు. ఆ నమ్మకం తిరిగి రావాలని నేననడం లేదు. కానీ పోయినవాళ్ళతో అంతసేపు మాట్లాడగలిగిన జాతులం, బతికున్నవాళ్ళను ఒక్క మాట అడగలేకపోతున్నాం. అది మాత్రం ఆలోచించాల్సిందే.

మార్లవాయి చెప్పిన పాఠం

అడిగి, విని, మాట నిలబెట్టుకున్న ఊరు ఒకటుంది. అది ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయి.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోరాటాన్ని తుపాకులతో అణచివేశాక, గోండుల పరిస్థితిని తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఒక మానవ శాస్త్రవేత్తకు పని అప్పగించింది. ఆయన వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టోఫ్ హైమన్‌డార్ఫ్. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఇంగ్లండు మనిషి. ఇద్దరూ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. చెంచుల మీద, కొండరెడ్ల మీద, గోండుల మీద ఆయన రాసిన పుస్తకాల వెనుక ఆమె శ్రమ ఉంది. పాపికొండల రెడ్ల మీది 1945 నాటి పుస్తకంలో ఆమె సహకారాన్ని పేరుతో చెప్పుకున్నాడు కూడా. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. టీచర్ ట్రైనింగ్ చేసిన నాకు ఆ ఊరి పేరు వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. మన భాషలో, మన వాళ్ళే, మన పిల్లలకు చదువు చెప్పాలన్న ఆలోచన ఆ అడవిలో 80 ఏళ్ళ కిందటే పాదు తీసుకుంది.

ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూసింది. తనను మార్లవాయిలోనే ఉంచాలన్నది ఆమె కోరిక. ఇంగ్లండుకు తీసుకుపోలేదు, హైదరాబాద్‌లోనూ ఉంచలేదు. మార్లవాయికి తెచ్చారు. గోండులు తమ మనిషిగా సాగనంపి, అక్కడే సమాధి కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండన్‌లో పోయాడు. భార్య పక్కనే ఉండాలన్న ఆయన కోరిక వెంటనే తీరలేదు. 2012లో ఆయన కుమారుడు అవశేషాలను మార్లవాయికి తెచ్చాడు. ఇప్పుడు రెండు సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న చుట్టుపక్కల గూడేలవాళ్ళు అక్కడికి వచ్చి నివాళి అర్పిస్తారు.

ఇది పిల్లలకు చెప్పినప్పుడు ఒకతె చెయ్యెత్తింది. "మేడమ్, ఆవిడ దొరసాని కాబట్టి తెచ్చారు. మా తాతైతే తెచ్చేవాళ్ళా?" ఆ ప్రశ్నకు నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. కానీ మార్లవాయి గోండులు ఆమెకేదో కొత్త మర్యాద చేయలేదు. తమ పెద్దలకు చేసేదే ఆమెకూ చేశారు. ఆ మర్యాద వాళ్ళ దగ్గర ముందునుంచీ ఉంది కాబట్టే ఆమె దాన్ని కోరుకుంది. అంతవరకు చెప్పగలిగాను.

అడగకుండా తీసుకెళ్ళినవి

దీనికి పూర్తి వ్యతిరేకమైన కథ ఈశాన్యంలోని నాగాలది. ఇంగ్లీషువాళ్ళ పాలనలో అధికారులు, సేకర్తలు నాగా కొండల నుంచి ఆయుధాలు, బట్టలతోపాటు మనుషుల పుర్రెలు, ఎముకలు కూడా పట్టుకుపోయారు. వాటిలో చాలా భాగం ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియానికి చేరింది. 2020లో ఆ మ్యూజియం మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిని ఇంటికి తెచ్చుకోవడానికి నాగా పెద్దలు, యువకులు కలిసి ఊరూరా అభిప్రాయాలు అడుగుతున్నారు. తెస్తే ఎక్కడ ఉంచాలి, ఏ పద్ధతిలో ఉంచాలి అన్నది ఇప్పుడు వాళ్ళ చర్చ. 2024 అక్టోబరులో ఇంగ్లండులో ఒక వేలం సంస్థ నాగా పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగాలాండ్ ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. గొడవ అయ్యాక దాన్ని వేలం నుంచి తప్పించారు.

ఎవరి తాతదో ఆ పుర్రె. వంద ఏళ్ళ తర్వాత కూడా మనవలు వెతుక్కుంటున్నారంటే, శరీరం పోవడంతో బంధుత్వం పోదని అర్థం.

ఈ పాఠం రోజునే ఒక పిల్ల అడిగింది: "మరి మెడికల్ కాలేజీకి ఇచ్చేవాళ్ళు ఉంటారు కదా మేడమ్, అది తప్పా?" మంచి ప్రశ్న. మన తెలుగు కుటుంబంలో పుట్టిన సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరు 12న పోయినప్పుడు, ఆయన భౌతికకాయాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు చదువు కోసం అప్పగించారు. మరణించిన 6 గంటల లోపు కళ్ళు ఇస్తే ఇంకొకరికి చూపు వస్తుంది. కొండల నుంచి ఎత్తుకుపోయిన ఎముకకూ, ఇష్టపూర్వకంగా ఇచ్చిన దేహానికీ తేడా ఒక్కటే. మనిషిని అడిగారా, ఇంటివాళ్ళు ఒప్పుకున్నారా అన్నది. పిల్లల నోటుబుక్కుల్లోనూ ఇలాంటి జవాబు ఒకటి ఉంది. ఒక ఎరుకల తాత, "నా కళ్ళు ఎవరికన్నా ఇవ్వండి, కానీ మిగతాదంతా మా వాళ్ళ దగ్గరే ఉండాలి" అన్నాడట.

మా నాన్న

ఇప్పుడు నా ఇంటి సంగతి. మాది బుట్టాయగూడెం మండలంలో అడవి అంచు ఊరు. ఊరి పక్కన ఇప్పచెట్టు కింద మా నానమ్మ రాయి ఉంది. నాన్న ఏటా కొత్త పంట ఇంటికి రాగానే ఒక గుప్పెడు గింజలు అక్కడ పెట్టేవాడు. "నన్ను ఈ రాయి పక్కన పెట్టండి, ఇంకేం అక్కర్లేదు" అని ఒకసారి నాతో అన్నాడు. మేము అడగకపోయినా ఆయనే చెప్పాడు. ఆ విషయంలో నేను అదృష్టవంతురాలిని.

2021 మే నెలలో కోవిడ్‌తో ఆయన ఒక పట్నం ఆసుపత్రిలో పోయాడు. శరీరాన్ని ఇవ్వమన్నారు. ముఖం చూపించమన్నారు. సంచిలో చుట్టి, పట్నం శ్మశానానికే పంపారు. మా తమ్ముడు గేటు బయట నిలబడి దూరం నుంచి పొగ చూశాడు. బూడిద అడిగితే "ప్రమాదం, వద్దు" అన్నారు. నేను హాస్టల్ క్వార్టర్స్‌లో ఫోను పట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజుల్లో అందరూ భయంలో ఉన్నారు. పగలూ రాత్రీ పనిచేసిన ఆసుపత్రి సిబ్బందిని నేను తిట్టను. కానీ తర్వాత ఒకరోజు కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చి 15న ఇచ్చిన మార్గదర్శకాలు చదివాను. జాగ్రత్తలు పాటిస్తూ సంచి జిప్పు కొంచెం తీసి ఇంటివాళ్ళకు ముఖం చూపించవచ్చని అందులో ఉంది. శరీరాన్ని తాకకుండా చేసే తంతులు చేసుకోవచ్చని ఉంది. బూడిద వల్ల ప్రమాదం లేదు, తీసుకోవచ్చని ఉంది. అంటే మాకు దక్కాల్సినవి మూడూ ఆ కాగితం మీద ఉన్నాయి. మాకు తెలియలేదు, చెప్పినవాళ్ళు లేరు. మనిషికి ఉండే గౌరవం మరణం తర్వాత అతని శరీరానికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. అదీ నాకు తెలియదు. సోషల్ చెప్పే టీచర్ శిక్షణ పొందినదాన్ని, నాకే తెలియకపోతే గూడెంలో ఎవరికి తెలుస్తుంది?

తర్వాత నానమ్మ రాయి పక్కన ఇంకో రాయి నిలిపాం. దాని కింద నాన్న కండువా, కొడవలి పెట్టాం. ఆయన కోరిక సగం తీరింది. మిగతా సగం నన్ను వదలదు. ఆ పిల్ల ప్రశ్న విన్న రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదే.

సమాధులే సాక్ష్యం

పిల్లలు తెచ్చిన జవాబుల్లో ఎక్కువమంది "ఎలా" అన్నదాని మీద పెద్దగా పట్టు పట్టలేదు. "ఎక్కడ" అన్నదాని దగ్గరే అందరూ ఆగారు.

నూజివీడు మామిడి అంటే అందరికీ చిన్న రసాలు, బంగినపల్లి గుర్తొస్తాయి. ఆ కాయను కోతుల నుంచి, దొంగల నుంచి కాపాడే కాపలా మనిషి గుర్తుకు రాడు. ఒక యానాది తాత దాదాపు 30 ఏళ్ళుగా ఒకరి తోటలోనే గుడిసె వేసుకుని ఉంటున్నాడు. పూత వచ్చిన దగ్గర్నుంచి ఆఖరి కోత దాకా రాత్రిళ్ళు మేలుకునేది ఆయనే. మనవరాలు అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది: "ఈ చెట్ల కిందే ఉండాలనుంది. కానీ తోట మనది కాదు గదమ్మా. మన వాళ్ళకి వల్లకాడు ఎక్కడుందో మీ నాన్ననడుగు." వాళ్ళ నాన్నకూ తెలియదు. బతికినంత కాలం ఒకరి భూమిని కాచిన మనిషికి, పోయాక ఆరడుగుల నేల ఎక్కడో తెలియదు.

ఇంకో అవ్వ కుక్కునూరు వైపు కోయ మనిషి. పోలవరం ముంపు కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన 7 మండలాల్లో అదీ ఒకటి. పునరావాస కాలనీలో ఆమెకు ఇల్లు వచ్చింది. 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో, పునరావాస గ్రామంలో వాళ్ళ ఆచారాన్ని బట్టి శ్మశానం ఏర్పాటు చేయాలని కూడా ఉంది. రేపు పోయేవాళ్ళకు ఆ చోటు దొరకొచ్చు. మరి నిన్న పోయినవాళ్ళు? "మా ఆయన రాయి పాత ఊర్లో ఉంది. ఆ మట్టి ఒక గుప్పెడు తెచ్చి డబ్బాలో పెట్టుకున్నా. నాతోపాటు అది కూడా వెయ్యండి" అంది ఆ అవ్వ. ఎక్కడ ఉండాలి, ఎలా సాగనంపాలి, దగ్గర ఎవరుండాలి అన్న మూడు ప్రశ్నలకూ ఆమె దగ్గర ఒకటే జవాబు ఉంది, ఆ డబ్బా.

ఇక్కడే మన సంఘాలవాళ్ళు తప్పక గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008 జనవరి 1న నియమాలు వచ్చాయి. హక్కు కోరేవాళ్ళు ఏ సాక్ష్యాలు చూపవచ్చో 13వ నియమం చెబుతుంది. పట్టాలు, రసీదులు, రికార్డులే కాదు, ఆ ప్రాంతంలో పాత కాలం నుంచి ఉన్నామని తెలిపే బావులు, సమాధులు, పవిత్ర స్థలాలు కూడా సాక్ష్యమే. ఊరంతటికీ చెందే సామూహిక అటవీ వనరుల హక్కు కోసం కూడా పూడ్చిన చోట్లను, కాల్చిన చోట్లను చూపించవచ్చు.

ఇంకోలా చెప్పాలంటే, మన తాతలు పోయాక కూడా మన పక్షాన సాక్ష్యం చెబుతున్నారు. చట్టం ఆ సాక్ష్యాన్ని ఒప్పుకుంటోంది. మనమే ఆ రాళ్ళు ఎక్కడున్నాయో మర్చిపోతున్నాం. ముళ్ళకంపలు కమ్మేస్తున్నాయి, పక్క పొలంవాడు దున్నేస్తున్నాడు, రోడ్డుకు కంకర కావాలంటే ఎత్తుకుపోతున్నారు. రాకాసి గుళ్ళను పురావస్తు శాఖవాళ్ళు ఎప్పుడైనా వచ్చి చూస్తారు. మా నానమ్మ రాయిని ఎవరొచ్చి చూస్తారు?

మనం చేయగలిగినవి

ఈ అధ్యయనం ముగిశాక మా పిల్లలు నాలుగు పనులు సూచించారు. మాటలు నావి, ఆలోచన వాళ్ళది.

మొదటిది, ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కులో పెద్దవాళ్ళ కోరిక వాళ్ళ మాటల్లోనే రాసి, కింద వాళ్ళ వేలిముద్ర పెట్టించుకోవాలి. ఆస్తి కోసం కాదు, తర్వాత అన్నదమ్ములు గొడవ పడకుండా ఉండటం కోసం.

రెండోది, గూడెంలో, తండాలో పూడ్చే చోటు, కాల్చే చోటు, పాత రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీసి, గ్రామసభలో పెట్టి తీర్మానం రాయించాలి. పటం గీయడం ఆరో తరగతి నుంచి నేర్పుతున్నాం. ఆ చదువు ఇలా పనికి రావాలి.

మూడోది, ఆసుపత్రిలో ఎవరైనా పోతే ఇంటివాళ్ళకు ఏమేం అడిగే హక్కుందో చదువుకున్న పిల్లలు తెలుసుకుని ఉండాలి. ముఖం చూడటం, శరీరాన్ని తీసుకెళ్ళడం, ఆచారం జరుపుకోవడం అనేవి ఎవరో దయతలిచి ఇచ్చేవి కావు.

నాలుగోది ఆ తొమ్మిదో తరగతి పిల్ల చెప్పింది. హాస్టల్ పిల్లల ఇంట్లో చావు జరిగితే, ఆ పిల్ల వచ్చేదాకా వీలైతే ఆగమని ఇంటివాళ్ళకు చెప్పాలి. ఆగలేకపోతే, వచ్చాక ఏదో ఒక పని ఆ పిల్ల చేతుల మీద జరిపించాలి. గుప్పెడు మట్టి వేయడమైనా సరే. చదువు కోసం ఇల్లు వదిలొచ్చిన పిల్లలకు చివరి చూపు కూడా దక్కకపోతే, చదువు మీదే కోపం వస్తుంది. దీన్ని వార్డెన్‌గా నా పనుల్లో ఒకటిగా రాసిపెట్టుకున్నాను.

పోరాట యోధుల సమాధులకు పూలమాలలు వేస్తాం. వెయ్యాలి కూడా. కానీ మన ఇంట్లో మంచం మీద కూర్చున్న అవ్వను, తాతను ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి. తిడితే తిట్టించుకోండి. చాలామంది తిట్టరు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదంతే.

దసరా సెలవులకు ఊరెళ్ళినప్పుడు నేనూ మా అమ్మను అడిగాను. ఆమె నవ్వింది. "మీ నాన్న రాయి పక్కనే. ఇంకెక్కడికి పోతాను?" అంది. కాసేపాగి మళ్ళీ అంది: "ముందు ఆ చెట్టు కింద నేలకి కాగితం తెప్పించు. నేనొచ్చేసరికి అది ఇంకొకడిది కాకుండా చూడు."

గ్రామసభకు అర్జీ పెట్టాం. నానమ్మ రాయిని, నాన్న రాయిని అందులో సాక్ష్యంగా రాశాం.

అందరికీ జోహార్.